మూడో వెలుతురు

ఫిబ్రవరి 9, సోమవారం

దొరికాడు.

పొద్దున్నే మా డైరెక్టర్ మేడమ్ పిలిచింది. ఈ ఏడాది మా మ్యూజియంలో పెద్ద ఎగ్జిబిషన్ పాత మందిరం గురించట. కూలిపోతున్న మందిరాన్ని ఎలా బాగుచేశారు, పైకప్పు మీది బొమ్మల్ని ఎలా కాపాడారు, అదంతా మూడు గదుల్లో చూపించాలి. డిజైన్ నాది. "ఆ పని చేయించిన చీఫ్ ఇంజనీర్ స్వయంగా వచ్చి దగ్గరుండి చూసుకుంటానన్నారు, నీ అదృష్టం" అంది. అదృష్టం కాక! వెతకబోయిన తీగ కాలికి తగలడమంటే ఇదే.

వాడి పేరు ఈ డైరీలో రాయను. హెల్మెట్ అంటాను, చాలు. పేపర్లో పడిన ప్రతి ఫొటోలోనూ తెల్ల హెల్మెట్ పెట్టుకుని ఉంటాడు. దాని మీద ఒక్క గీత ఉండదు, ఒక్క సున్నపు చుక్క ఉండదు. అక్క హెల్మెట్ అయితే అసలు రంగేమిటో దానికే గుర్తులేదు.

మూడేళ్ళు. మూడేళ్ళు అక్క ఆ పైకప్పు కింద పలకల మీద వెల్లకిలా పడుకుని బొమ్మలు శుభ్రం చేసింది. బొమ్మల వెనక పగుళ్ళలో పోసిన సున్నం ఇంకా ఆరలేదు, ఇప్పుడే కడగొద్దు మొర్రో అంటే, ప్రారంభోత్సవానికి తారీఖు ఇచ్చేశాను కడుగు అన్నది వాడు. కడిగితే కప్పు మధ్యలో దీపం పట్టుకున్న అమ్మవారి బొమ్మ ముఖం మొత్తం ఊడి కిందపడింది. మర్నాడు పేపర్లో వాడి మాట: "ఒక ఉద్యోగి నిర్లక్ష్యం." కొన్నాళ్ళకి ఇంకో మాట: "ముక్కలన్నీ ఏరి, అసలు ముఖాన్నే తిరిగి అతికించాం." వాడికి సన్మానం. అక్కకి ఇంటిదారి. ఇప్పుడు ఈ వృత్తిలో ఎవరి దగ్గరికెళ్ళినా "ఓ, ముఖం రాల్చిన ఆవిడా" అంటారు. ఫ్రేముల షాపులో గాజు కోసుకుంటోంది.

అతికించడమట! ముఖం పిండి పిండి అయిపోయిందని అక్క ఆరోజే నాకు చెప్పింది. పిండిని ఎవడు అతికిస్తాడు? అంటే ఇప్పుడు పైనున్నది కొత్త బొమ్మ. ఎవరిచేతో దొంగచాటుగా వేయించి, అసలుదని ఊరందరినీ నమ్మించాడు. అది బయటపెడతాను. వాడి ఎగ్జిబిషన్‌లో, వాడి ఎదురుగా, కుదిరితే వాడి చేత్తోనే.

అక్క కోసం.

ఫిబ్రవరి 12

మొదటి మీటింగ్. నా ఇంటిపేరు వేరు, అక్క ఇంటిపేరు వేరు. వాడికి అనుమానమే రాలేదు. "అమ్మాయ్" అంటాడు నన్ను.

గంటసేపు తన ఫొటో ఎంత పెద్దది వేయాలన్నదే మాట్లాడాడు. తర్వాత ప్లాను మీద వేలు పెట్టి, మూడో గదిలో ఆ గాజు అరలో ఏం పెడతావన్నాడు. ఇంకా అనుకోలేదండీ అన్నాను.

"నా హెల్మెట్ పెట్టు. జనానికి స్ఫూర్తి."

చెంప లోపల కొరుక్కుని నవ్వాపుకున్నాను. "తప్పకుండా సార్. మంచి లైటు కూడా పెడతాను."

అసలు సంగతి రెండో గదిలో ఉంది. గోడంత పెద్ద తెర, దాని మీద ఆ ముఖం ఫొటోలు, పక్కన బటన్. ఒకసారి నొక్కితే మామూలు వెలుతురులో తీసింది. రెండోసారి నొక్కితే పక్క నుంచి పడే వెలుతురు, ఎగుడుదిగుళ్ళు కనిపిస్తాయి. మూడోది దొంగనోట్లు పట్టుకునే దీపం లాంటిది. దాని కింద పాత సున్నం పాలలా మెరుస్తుంది, తర్వాత వేసిన రంగు నల్లగా కనిపిస్తుంది. వాడు రాయి, సిమెంటు చదువుకున్నవాడు, రంగుల గోల తెలియదు.

"మూడో వెలుతురులో ఏముంటుంది?"

"అది రహస్యం సార్. ప్రారంభం రోజు అందరి ముందూ మీరే నొక్కి చూపించాలి."

"బాగా మెరవాలి మరి" అన్నాడు. మెరుస్తుంది నాయనా. తడిగుడ్డతో గొంతు కోయడం నీకొక్కడికే వచ్చనుకున్నావా?

ఫిబ్రవరి 13

అక్కకి చెప్పను. అంతా అయ్యాకే.

ఫిబ్రవరి 15, ఆదివారం

చెప్పేశాను. నా నోట్లో నువ్వుగింజ నానదు.

మూడో వెలుతురు సంగతి కాదులే. ఎగ్జిబిషన్ నాకొచ్చిందనీ, హెల్మెట్ తన హెల్మెట్‌కి గాజు అర అడిగాడనీ, మంచి లైటు పెడతానన్నాననీ చెప్పాను. బావ అన్నం తింటున్నవాడు పొలమారి, "తలకాయ కూడా పెట్టమనలేకపోయావా మరదలు పిల్లా, అదీ ఖాళీయేగా" అన్నాడు. అక్క కూడా నవ్వింది. ఎన్నాళ్ళయిందో అది నవ్వి.

తర్వాత గిన్నెలు కడుగుతూ, అటు తిరిగే, "ముఖం జోలికి మాత్రం వెళ్ళకు" అంది.

"ఎందుకు?"

"మిగతా కప్పంతా ఉందిగా చూపించడానికి. దాన్ని వదిలెయ్."

ఎడమచేతి బొటనవేలికి పట్టీ ఉంది. షాపులో గాజు కోసే బల్ల కుడిచేతి వాళ్ళకి అమర్చింది, దీనిది ఎడమచేతి వాటం. వారానికొకసారి తెగుతుంది. చిన్నప్పుడు అన్నం కుడిచేత్తో తినమని ఇంట్లోవాళ్ళు ఎంత పోరినా దాని చేయి మారలేదు. ఇప్పుడు ఎవడి మూలంగానో గాజు పెంకుల మధ్య పడింది.

పాపం, పుండు ఇంకా పచ్చిగానే ఉంది. అందుకే ముట్టుకోవద్దంటోంది. నేను మందు వేస్తున్నానని దానికేం తెలుసు?

ఫిబ్రవరి 25

ఇవాళ మందిరంలో ఫొటోలు తీశాం. మా ఫొటోగ్రాఫర్‌ని మ్యూజియంలో అందరం ఒంటికన్ను అంటాం, కాఫీ తాగేటప్పుడు కూడా ఒక కన్ను మూసే ఉంటుంది. లిఫ్టు బండి తెప్పించి ఇద్దరం పైకెళ్ళాం.

ఎక్కేముందు కింద జనాన్ని చూశాను. లోపలికొచ్చినవాళ్ళు ఎవరూ గోడలవైపు చూడరు. తిన్నగా మధ్యకొచ్చి, తలెత్తి, ఆ ముఖాన్నే చూస్తూ పెదాలు కదుపుతారు. ఒక ముసలాయన అయితే గట్టిగానే మాట్లాడుతున్నాడు, పక్కింటివాళ్ళ మీద చాడీలు. "నువ్వే చూస్తున్నావుగా, నేనేం చెప్పాలి" అంటున్నాడు. మోసపోతున్నాడు పాపం అనుకున్నాను. వాడి మీద ఇంకో కేసు.

మధ్యాహ్నం తలుపులు మూయించి, కిటికీలకి నల్లగుడ్డలు కట్టి, దీపం వేశాం. కప్పంతా పాలు. మధ్యలో ముఖం ఉన్నచోట నల్లటి గుంట.

చప్పట్లు కొట్టాను. ఒంటికన్ను రెండో కన్ను కూడా తెరిచాడు. "ఓర్నాయనో, ఇది మొత్తం కొత్తదేనండీ!"

మొత్తం. నుదురు, బుగ్గలు, కళ్ళు, గడ్డం, ఒక్క పాత ముక్క లేదు. దొరికావురా దొంగా.

మామూలు లైటులో మళ్ళీ చూశాను. ఉన్నమాట చెప్పాలి, బొమ్మ గొప్పగా ఉంది. ఎవరి మాటో మధ్యలో ఆపకుండా వింటున్నట్టు ఉంది ఆ చూపు. వేసిన దొంగ ఎవడోగానీ చేయి తిరిగినవాడు.

ఫిబ్రవరి 28

పెద్ద ప్రింట్లు వచ్చాయి. బల్లమీద పరిచి భూతద్దం పెట్టుకున్నాను.

నలుపు అచ్చంగా నలుపు కాదు. గీతలు. వెంట్రుకంత సన్నటి గీతలు, పక్కపక్కనే, వేలకి వేలు. ఇది నాకు తెలిసిన పద్ధతే, అక్క చాలాసార్లు చెప్పింది. పోయినచోట కొత్తగా వేస్తే గీతలతోనే వేయాలి. దూరం నుంచి చూస్తే పాతదానిలో కలిసిపోవాలి, దగ్గరికొచ్చినవాడికి ఇది కొత్తదని తెలిసిపోవాలి. అలా వేస్తే అది మోసం కాదు.

దొంగబొమ్మ వేసేవాడు గీతలతో ఎందుకు వేస్తాడు?

గీతలన్నీ ఎడమవైపుకి వాలి ఉన్నాయి.

ప్రింటు తిరగేసి పెట్టానేమో అని చూశాను. సరిగ్గానే ఉంది. ఎడమవైపుకే.

మార్చి 1

ఎడమచేతి వాటం వాళ్ళు లోకంలో బోలెడుమంది ఉంటారు.

మార్చి 2

ఫ్రేముల షాపుకి వెళ్ళాను. అక్క గాజు కోస్తోంది. "నువ్వే వేశావా?" అన్నాను.

చేయి ఆపలేదు. గీత చివరిదాకా లాగి, టక్కున విరిచి, అంచు తుడిచి, అప్పుడు తలెత్తింది. "దగ్గర్నుంచి చూశావా? ఎలా ఉంది?"

ఎలా ఉందట! నా ఒళ్ళు మండిపోతుంటే ఎలా ఉందట!

"వాడు అడిగాడే. ముఖం వేసిపెట్టు, నీ ఉద్యోగానికి నాది పూచీ అన్నాడు. తలుపులు వేయించి ఒక్కదాన్నే వేశాను. అయిపోయిన మర్నాడు గెంటేశాడు."

"మరి ఇన్నాళ్ళూ నోట్లో బెల్లం ముక్క పెట్టుకున్నావా అక్కా? ఒక్క మాట చెబితే వాడి బతుకు బజార్నపడేదిగా!"

"చెబితే చెరిపేస్తారు." గాజు పెంకులు ఏరుతూ చెప్పింది. "మందిరం పెద్దలది మొదట్నుంచీ ఒకటే మాట. అసలుది ఉంటే ఉండాలి, లేకపోతే ఖాళీ ఉండాలి. మధ్యరకం వద్దన్నారు. ఆ సంగతి తెలిసే వాడు అసలుదని చెప్పాడు, తెలిసే నేను ఊరుకున్నాను. నా జన్మలో వేసిన బొమ్మల్లో నాకు నచ్చింది అదొక్కటే. ఉండనీ."

"నీ పేరు లేకుండానా?"

"గీతలున్నాయిగా."

"పైకప్పు దగ్గరికెళ్ళి గీతలెవరు చూస్తారక్కా?"

"ఎవరో ఒకరు చూస్తారనే వేశాను. నువ్వు చూశావు. చాలు."

"మరి వాడో?"

"వాడి పాపాన వాడే పోతాడు."

"పోడు. అలాంటివాళ్ళు వాళ్ళంతట వాళ్ళు పోరు. తొయ్యాలి."

అక్క నావైపు తిరిగింది. "నీకు చిన్నప్పట్నుంచీ అంతే. నన్నెవరైనా కొడితే నేను ఏడ్చి మర్చిపోయేదాన్ని, నువ్వు రాయి పట్టుకుని తిరిగేదానివి. తోస్తే తొయ్యి. ఆ ముఖం మీద కాలు పెట్టి మాత్రం తొయ్యకు. అంతగా ఆగలేక చేస్తే చెయ్యి, నాకోసం అని మాత్రం అనకు."

మార్చి 3

మూడో వెలుతురు తీసేస్తున్నాను. రెండు చాలు.

మార్చి 6

తీయడం లేదు.

ఇవాళ మీటింగ్‌లో వాడు గోడమీది రాతలు చదివి, ముఖం ఊడిపోయిన సంగతి దగ్గర ఆగాడు. "ఉద్యోగి నిర్లక్ష్యం అన్నది చిన్న అక్షరాల్లో ఉందేం? పెంచు. రేపు పిల్లలు చదివి నేర్చుకోవాలి." తర్వాత కుర్చీలో వెనక్కి వాలి, మేడమ్ వైపు తిరిగి అన్నాడు: "ఆ పిల్ల బ్రష్షు ఎడంచేత్తో పట్టుకునేదండీ. చూసినరోజే అనుకున్నా, ఇది తిన్నగా జరిగే పని కాదని."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే బయటికొచ్చి, బాత్రూమ్‌లో కుళాయి తిప్పి, ఆ నవ్వు పోయేదాకా ముఖం కడుక్కున్నాను.

ఆ ఎడంచేయే నీ పరువు నిలబెట్టిందిరా! ఆ ఎడంచేతి కిందే నువ్వు సన్మానం చేయించుకున్నావు!

ఇక అక్క మాట వినేది లేదు. అది పిరికిది, ఎప్పుడూ పిరికిదే. అంత గొప్ప బొమ్మని ఎవరు చెరుపుతారు? పెద్దలకేమన్నా పిచ్చా? నిజం తెలిస్తే అక్క కాళ్ళ మీద పడతారు. పేరొచ్చాక అదే వచ్చి నన్ను కౌగిలించుకుంటుంది.

లేబుల్ రాశాను. "ఈ ముఖంలో పాత భాగం ఏదీ లేదు. ఊడి పొడి అయిన ముఖాన్ని, నియమం ప్రకారం గీతలతో, పూర్తిగా కొత్తగా వేశారు. వేసినవారు:" అని, కింద అక్క పేరు. పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా.

మార్చి 9

లేబుల్ మేడమ్‌కి చూపించక తప్పలేదు. చదివి, లేచి తలుపు వేసి, "ఖాయమేనా?" అంది. ప్రింటు ముందు పెట్టాను. చాలాసేపు చూసింది. "నేను హడావుడిలో ఉండి చదవలేదు" అని సంతకం పెట్టింది. ఆవిడకీ వాడి మీద ఏదో పాత కక్ష ఉన్నట్టుంది. లోకంలో నేనొక్కదాన్నే కాదన్నమాట.

మార్చి 13

అక్క కోసమే. అక్క కోసమే కదా.

మార్చి 14, శనివారం

రాయాలి. ఒక్కటి కూడా మర్చిపోకుండా రాయాలి.

గది నిండా జనం. హెల్మెట్ కొత్త సూటు. ముందు వరసలో మందిరం పెద్దలు. అక్కనీ బావనీ పిలిచాను, రాలేదు.

వాడు బటన్ నొక్కాడు. మామూలు వెలుతురు, చప్పట్లు. రెండోసారి నొక్కాడు, "చూశారా, ప్రతి పగులూ మాకు కంఠతా వచ్చు" అన్నాడు, చప్పట్లు. "ఇక రహస్యం!" అని నావైపు కన్నుగీటి మూడోసారి నొక్కాడు.

చుట్టూ పాల వెలుగు. మధ్యలో నల్లటి ముఖం. నేను లేబుల్ మీది గుడ్డ లాగేశాను.

ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. మందిరం పెద్దల్లో అందరికన్నా పెద్దాయన కళ్ళజోడు పెట్టుకుని ముందుకొచ్చి, లేబుల్‌ని ఒక్కొక్క మాటే పైకి చదివాడు. ఆ గొంతుకి గది గదంతా వింది.

"వైరింగ్ తప్పు" అన్నాడు హెల్మెట్. "ఏదో వైరు మార్చి కలిపారు."

"నా కెమెరాకి వైర్లు లేవండీ" అన్నాడు ఒంటికన్ను, వెనక నుంచి.

వాడు బటన్ మీంచి చేయి తీశాడు. నావైపు తిరిగాడు. "ఎవరు నువ్వు?"

ఈ ప్రశ్న కోసం నేను ఎన్ని రాత్రులు ఎదురుచూశానో! "అక్కడ పేరుంది చూడండి సార్, ఆవిడ చెల్లెల్ని. నాది మాత్రం కుడిచేతి వాటం."

ఎంత హాయిగా ఉందో రాయలేను. కడుపు నిండిపోయింది.

పెద్దాయన ఇవేవీ పట్టించుకోలేదు. నా దగ్గరికొచ్చి మెల్లిగా అడిగాడు. "అయితే అమ్మా, అది అసలుది కాదా?"

"ఒక్క చుక్క కూడా కాదండీ!" అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు.

మార్చి 16

పేపర్లన్నింటిలో వచ్చింది. హెల్మెట్‌ని పదవి నుంచి తీసేశారు. గెలిచాను.

గాజు అరలోంచి వాడి హెల్మెట్ తీసి వాచ్‌మన్‌కి ఇచ్చేశాను. దాన్ని తిరగేసి మొక్కలకి నీళ్ళు మోస్తున్నాడు. పుట్టి బుద్ధెరిగాక దానికి మొదటిసారి మట్టి అంటింది.

అక్క ఫోన్ ఎత్తలేదు. అందరూ చేస్తుంటారుగా, ఖాళీ ఉండదు.

మార్చి 17

ఎత్తలేదు.

మార్చి 19

బావ చేశాడు. మరదలు పిల్లా అనలేదు. పేరు పెట్టి పిలిచాడు.

"చెరిపేయాలని తీర్మానించారు. కింది సున్నం దెబ్బతినకుండా తీయాలట, ఏ రంగు వాడిందో మీ అక్కకే తెలుసుగా. తననే రమ్మన్నారు. వెళ్తానంది."

"నువ్వు ఆపలేదా బావా?"

"ఆపడం నీ దగ్గర మొదలుపెట్టాల్సింది" అని పెట్టేశాడు.

మార్చి 20

మందిరం పెద్దాయన ఇంటికి పరిగెత్తాను. గుమ్మంలోనే నిలబడి బతిమాలాను. ఆ గీతలు మోసం కాదనీ, మోసం చేసినవాడు పోయాడనీ, ఆ బొమ్మ అంత గొప్పది మళ్ళీ రాదనీ ఏడుస్తూ చెప్పాను. ఆయన అంతా విన్నాడు. కోపం కూడా లేదు ఆయనకి.

"జనం లోపలికొచ్చి తల దించుకుని పోతున్నారమ్మా. పైకి చూస్తే నలుపే కనిపిస్తోందట. మీరే కదా చూపించారు."

మార్చి 23, సోమవారం

వెళ్ళకూడదనుకున్నాను. వెళ్ళాను.

అక్క అప్పటికే లిఫ్టు బండి మీద ఉంది. నన్ను చూసి పొమ్మనలేదు. "రా. దూది తడిపి అందించు" అంది.

అందించాను. ఎప్పుడైనా తీసేయడానికి వీలుగా నీళ్ళ రంగులే వాడాలన్నది కూడా ఈ వృత్తిలో నియమమేనట. ఎంత తేలిగ్గా వచ్చేస్తోందో. ముందు గడ్డం, తర్వాత బుగ్గలు, నుదురు. ఎడమచేత్తో, తొందర లేకుండా, పసిపిల్ల మూతి తుడిచినట్టు తుడిచింది. వాడిన దూదినంతా ఒక గాజు సీసాలో వేసింది. కళ్ళు చివర్లో తీసింది. అప్పుడు మాత్రం కాసేపు చేయి ఆగింది. నేను "అక్కా" అన్నాను. "తడి దూది" అంది.

కింద ఆ చాడీల ముసలాయన నిలబడి ఉన్నాడు. పైకి చూశాడు, నోరు తెరిచాడు, ఏమీ చెప్పకుండా వెళ్ళిపోయాడు.

బండి దిగాక అక్క చేతులు కడుక్కుంది. సీసా మూత బిగించి నా చేతిలో పెట్టింది. లోపల దూది గోధుమరంగు, గులాబీ, కొంచెం నలుపు.

"మూడో గదిలో గాజు అర ఖాళీ అయిందటగా. అందులో పెట్టు" అంది. "మంచి లైటు పెట్టు."

మార్చి 24

పెట్టాను. లైటు సరిచేశాను. మేడమ్ లేబుల్ అడిగింది.

పొద్దుటి నుంచి రాస్తూ, చింపుతూ కూర్చున్నాను. అక్క కోసం అన్న మాటతో మొదలుపెట్టిన ప్రతిదీ చింపేశాను. చివరికి మూడు ముక్కలు మిగిలాయి.

"దూది, నీళ్ళ రంగు. తీసినవారు:" అని అక్క పేరు. "తీయించినవారు:" అని నా పేరు. పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా.

హెల్మెట్ పేరుకి అందులో చోటు లేకపోయింది.